బాణీ ఒకరిది, గొంతు వేరొకరిది
సందేహాలు - సమాధానాలు

సందేహం: గాయకుడు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం (బాలు) గారికి సంగీత దర్శకుడు ఇళయరాజా గారు లాయరు నోటీసు పంపారని అప్పట్లో విని మనసు చివుక్కుమంది. ఆ పాటలు మొదట పాడిందే ఆయన కదా! తాను పాడిన పాటను తాను మళ్లీ పాడితే తప్పేమిటి?
- ఒక శ్రోత, డాలస్

సమాధానం: 2017 మార్చిలో చాలామంది ఇదే అడిగారు. యాభై ఏళ్ల గాన ప్రస్థానం పేరుతో బాలు గారు అమెరికాలో కచేరీలు చేస్తుండగా ఆ నోటీసు వచ్చింది. గాయని చిత్ర గారికీ, బాలు గారి అబ్బాయి చరణ్‌కూ కూడా అందింది. అనుమతి లేకుండా ఇళయరాజా స్వరరచనలను వేదికల మీద పాడకూడదన్నది దాని సారాంశం. బాలు గారు వాదనకు దిగలేదు. అలాంటి చట్టం ఉన్నట్టు తనకు తెలియదనీ, ఇకపై ఆ పాటలు పాడననీ, ఇతర సంగీత దర్శకులకు పాడినవి చాలానే ఉన్నాయనీ ఫేస్‌బుక్‌లో రాసి ఊరుకున్నారు. గొడవ పెట్టుకున్నా అంత బాధ కలిగేది కాదేమో.

చట్టం దృష్టిలో బాణీకి కర్త సంగీత దర్శకుడు, సాహిత్యానికి కర్త కవి. గాయకుడికి ఉండేవి ప్రదర్శకుడి హక్కులు, అవి వేరు. టికెట్ పెట్టి కచేరీ చేస్తే కర్తలకు రాయల్టీ వెళ్లాలి. మన దేశంలో ఐపీఆర్ఎస్ అనే సంఘం దాన్ని వసూలు చేస్తుంది. సినిమా పాటలకు నిర్మాత, ఆడియో కంపెనీ కూడా తోడై వ్యవహారం ముదురుతుంది. ఈ హక్కులపై 1977లో సుప్రీంకోర్టు తీర్పు నిర్మాతల వైపు మొగ్గింది. 2012 సవరణ వచ్చాకే కవికీ, సంగీత దర్శకుడికీ రాయల్టీ వాటా రాసిచ్చేయడానికి వీల్లేని హక్కయింది. అంతకుముందు తన పాట ఊరూరా మోగుతున్నా పైసా రాని స్వరకర్తలు ఎందరో! ఇళయరాజా గారి పట్టుదల వెనక ఆ తరం అనుభవం ఉంది.

నన్నడిగితే హక్కు విషయంలో ఆయన మాట న్యాయమే, పద్ధతి మాత్రం కాదు. టికెట్లు అమ్మింది నిర్వాహకులు, వాళ్లను మాత్రమే అడిగితే సరిపోయేది. దశాబ్దాల స్నేహితుడికి లాయరు చేత ఉత్తరం రాయించడం నాకైతే రుచించలేదు. 2019లో చెన్నైలో ఇళయరాజా కచేరీలో బాలు గారు మళ్లీ పాడారు. మరుసటి ఏడాది సెప్టెంబరులో కన్నుమూశారు. ఆ ఒక్క కచేరీ అయినా జరిగినందుకు మనం సంతోషించాలి.

సందేహం: జానీ క్యాష్ పాడిన 'హర్ట్' మా అబ్బాయికి ప్రాణం. అది అసలు ఆయన పాట కాదని ఈమధ్యే తెలిసిందట. మరి రాసుకున్నవాడికి కడుపు మండదా?
- ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: మొదట మండుతుందమ్మా. తర్వాత ఏమవుతుందో మనిషిని బట్టి ఉంటుంది.

'హర్ట్' నైన్ ఇంచ్ నెయిల్స్ బృందానికి చెందిన ట్రెంట్ రెజ్నర్ రాసి పాడిన పాట, 1994 నాటిది. తనను తాను గాయపరచుకునే ఒక యువకుడి గోడు అది. 2002లో క్యాష్ పాడేనాటికి ఆయనకు డెబ్బై ఏళ్లు, ఒంట్లో బాగులేదు. ఒకచోట ఉన్న బూతు మాట తీసేసి ముళ్లు అని పాడారు, క్రీస్తు తలమీది ముళ్ల కిరీటం గుర్తొచ్చేలా. ఆ చిన్న మార్పుతో పాట ముసలి భక్తుడి పశ్చాత్తాపమైపోయింది. రెజ్నర్‌కు మొదట రికార్డింగు వింటే ఇబ్బందిగా అనిపించింది, తన ఆంతరంగిక విషయంలోకి పరాయివాడు చొరబడినట్టు. తర్వాత వీడియో చూశారు, కదిలిపోయారు. ఆ పాట ఇక తనది కాదని ఆయనే ఒప్పుకున్నారు.

బాబ్ డిలన్ ఇంకో అడుగు ముందుకు వేశారు. 'ఆల్ ఎలాంగ్ ద వాచ్‌టవర్' అనే పాటను ఆయన 1967లో గిటారు, హార్మోనికాలతో నిమ్మళంగా పాడితే, మరుసటి ఏడాదే జిమీ హెండ్రిక్స్ దాన్ని ఎలక్ట్రిక్ గిటారు మీద తుఫాను చేశారు. హెండ్రిక్స్ పోయాక డిలన్ సొంత కచేరీల్లో ఆ పోకడలోనే పాడుతూ వచ్చారు. కర్తే అనుకర్త కావడం! అంత పెద్దరికం అందరికీ ఉండదు.

ఓటిస్ రెడింగ్ కథ నాకు మరీ ఇష్టం. 'రెస్పెక్ట్' 1965లో ఆయన రాసి పాడిన పాట; కష్టపడి ఇల్లు చేరిన మగవాడు ఆలిని కాస్త మర్యాద అడుగుతాడు. 1967లో అరీతా ఫ్రాంక్లిన్ అదే పాట అందుకునేసరికి అడిగేది ఆడది అయింది, పాట అర్థమే తలకిందులైంది. ఆ ఏడు మాంటెరీ సంగీతోత్సవంలో రెడింగ్, ఒక పిల్ల నా దగ్గర్నుంచి లాగేసుకున్న పాట ఇది అని నవ్వుతూ చెప్పి మరీ పాడారు. విచిత్రమేమిటంటే అమెరికా రేడియోల్లో పాట మోగితే డబ్బు కర్తకే వెళ్తుంది, పాడినవారికి వెళ్లదు. పేరు అరీతాది, రేడియో రాబడి రెడింగ్‌ది.

ఆ రాబడి విలువ బాగా తెలిసిన మనిషి డాలీ పార్టన్. ఆమె రాసిన 'ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ' పాడతానని ఎల్విస్ ప్రెస్లీ ముందుకొచ్చారు. కానీ ప్రచురణ హక్కుల్లో సగం ఇవ్వాలని ఆయన మేనేజరు పట్టుబట్టాడు. డాలీ ఏడ్చింది, ఇవ్వనంది. 1992లో 'ద బాడీగార్డ్' సినిమాకు విట్నీ హ్యూస్టన్ పాడితే అది బిల్‌బోర్డ్ పట్టికలో 14 వారాలు మొదటి స్థానంలో నిలిచింది. కారులో వెళ్తూ రేడియోలో విని డాలీ తబ్బిబ్బయిందట. హక్కు చేతిలో ఉన్నవారికి ఉదారంగా ఉండటం తేలిక అని దీన్నిబట్టి నాకనిపిస్తుంది.

సందేహం: అన్నమయ్య కీర్తన ఒకటే, గాయకుడు మారితే వరుస మారుతోంది. ఏది అసలు?
- ఒక విద్యార్థి, రాజమహేంద్రవరం

సమాధానం: అన్నమయ్య ఎలా పాడారో ఈనాడు ఎవరూ చెప్పలేరు. రాగిరేకుల మీద సాహిత్యం, రాగం పేరు దక్కాయి, స్వరాలు దక్కలేదు. ఇప్పుడు మనం వింటున్న వరుసల్లో చాలావరకు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వంటివారు కూర్చినవి. నచ్చిన వరుసలో పాడండి, కూర్చినవారి పేరు మాత్రం చెప్పండి.

సందేహం: నేను పాత సినిమా పాటలు పాడి యూట్యూబ్‌లో పెడుతుంటాను. ఆ సంగీత దర్శకులు బాధపడతారా? కేసు అవుతుందా?
- ఒక గాయని, హనుమకొండ

సమాధానం: ప్రేమగా పాడితే బాధపడేవారు తక్కువ. చేతికొచ్చినట్టు మారిస్తేనే నొప్పి. 2009 నాటి తన పాట 'మసక్కలి'ని 2020లో రీమిక్స్ చేసినప్పుడు ఏఆర్ రెహమాన్ తిట్టలేదు, కోపగించలేదు. అసలు పాట కోసం ఎంతమంది వాద్యకారులు, ఎన్ని నిద్రలేని రాత్రులు ఖర్చయ్యాయో మాత్రం చెప్పి, దాన్నే వినమన్నారు. అంతకన్నా చురక ఏముంటుంది?

చట్టమైతే కఠినమే. కవర్ రికార్డింగును లైసెన్సుతో అమ్మాలంటే అసలు పాట వచ్చిన సంవత్సరం ముగిశాక ఐదేళ్లు ఆగాలి, ముందుగా నోటీసిచ్చి రాయల్టీ కట్టాలి, సాంకేతికంగా తప్పనిసరైతే తప్ప పాటను మార్చకూడదు. యూట్యూబ్‌లో సాధారణంగా జరిగేది వేరు: హక్కుదారు కంపెనీ క్లెయిమ్ వేస్తుంది, ప్రకటనల ఆదాయం వాళ్లకు పోతుంది, మీ వీడియో ఉంటుంది. తీసేయమంటే మారుమాట్లాడకుండా తీసేయండి. సినిమాలోని ట్రాక్‌నే వెనక పెట్టుకుని పాడకండి, అది రికార్డింగు హక్కు కిందికి వస్తుంది.

ఒక చిన్న కోరిక. ఇలాంటి వీడియోల కింద కెమెరా, ఎడిటింగ్, డ్రోన్, చీర డిజైనర్, అందరి పేర్లూ కనిపిస్తాయి. పాట రాసిన వేటూరి పేరు కనిపించదు. మీ తర్వాతి పాట కింద రచన, సంగీతం, తొలి గానం అని మూడు పేర్లు పెట్టి, ఆ తర్వాతే మీ పేరు వేసుకోండి.