చదరంగం గడుల్లో ఇరవై అంకెల సంఖ్య



లెక్కలంటే మన హాస్టల్లో చాలామందికి భయం. అంకెలు పెరిగేకొద్దీ ఆ భయమూ పెరుగుతుంది. అందుకే ఈ సంచికలో ఒక పెద్ద సంఖ్యనే ఎంచుకుని విడదీసి చూద్దాం. ఆ సంఖ్య 1,84,46,74,40,73,70,95,51,615.

చదరంగం కనిపెట్టినవాడు రాజును కోరిన వరం కథ మనకు తెలిసిందే. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా 64 గడులు నింపాలి. మన సింహాచలం మెట్ల మీదైతే తొలి పావంచా దగ్గర ఒక గింజతో మొదలుపెట్టి 64వ మెట్టు దగ్గర ఆగాలి. కొండ ఇంకా చాలా మిగిలే ఉంటుంది. కిలోకు సుమారు 50,000 బియ్యపు గింజలు అనుకుంటే ఆ బియ్యం దాదాపు 36,900 కోట్ల టన్నులు. విశాఖ పోర్టు నుంచి ఏడాదికి 8 కోట్ల టన్నుల చొప్పున ఓడలకెత్తినా 4,600 ఏళ్లు పడుతుంది.

కూడటం ఎలా?

64 సంఖ్యలను వరుసగా కూడనక్కరలేదు. 1+2+4=7, అంటే 8 కన్నా ఒకటి తక్కువ. 1+2+4+8=15, అంటే 16 కన్నా ఒకటి తక్కువ. ఎక్కడ ఆపినా మొత్తం తర్వాతి గడి కన్నా ఒకటే తక్కువ. కాబట్టి మన సంఖ్య 2⁶⁴−1.

విడదీయటం ఎలా?

హైస్కూలులో నేర్చుకున్న a²−b² = (a+b)(a−b) సూత్రమే చాలు. దాన్ని మళ్లీ మళ్లీ వాడితే 3×5×17×257×65537×4294967297 వస్తుంది. చివరిది కూడా ప్రధాన సంఖ్యే అని ఫెర్మా అనుకున్నాడు. అది 641×6700417 అని 1732లో ఆయిలర్ చూపించాడు. గుణించి చూడండి.

మన తెలుగులో

ఈ ఇరవై అంకెలనూ ఒకే పద్యంలో ఇమిడ్చిన పాత తెలుగు పద్యం ఉంది. అందులో అంకెలకు బదులు మాటలుంటాయి. చంద్రుడు 1, వేదాలు 4, మన్మథుని బాణాలు 5, ఆకాశం 0. ఒకట్ల స్థానం నుంచి ఎడమకు చదవాలి. అందుకే పద్యం బాణంతో మొదలై చంద్రుడితో ముగుస్తుంది.

మనకెందుకు?

రెట్టింపయ్యే గుణం గింజలకే కాదు, అప్పుకూ ఉంది. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన 10,000 రూపాయలు, ఏటా వడ్డీని అసలులో కలుపుతూ పోతే, మూడేళ్లకు 19,066 అవుతాయి. 13 ఏళ్లకు 1,63,000 దాటుతాయి. మన ఇళ్లలో వేలిముద్ర వేసే కాగితం మీద ఈ లెక్క రాసి ఉండదు. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు అమ్మానాన్నల పక్కన కూర్చుని ఆ లెక్క కట్టి చూపిద్దాం. మన చదువు ముందుగా అక్కరకు రావలసింది అక్కడే.