కోసిన ఉక్కుకు బజారు లేదు

ఉక్కు ధర టన్నుకు వెయ్యి రూపాయలు పెరిగితే ఫ్యాబ్రికేషన్ షాపుల యజమానులు కలవరపడతారు. కాని తమ షెడ్డులోనే సగం పనితో పడివున్న సరకుపై వడ్డీని లెక్క వేసేవారు తక్కువ. కోయని ప్లేటును, యాంగిల్‌ను అవసరమైతే బజారులో అమ్ముకోవచ్చు. కోసి రంధ్రాలు వేసిన తర్వాత అది ఒక్క కట్టడానికే పనికివస్తుంది. డ్రాయింగు మారిందా, తుక్కు ధరే గతి.

ఒక ఉదాహరణ చూద్దాం. షాపు నుంచి రోజుకు 20 టన్నుల పని పూర్తయి వెళుతోంది. కోత మొదలు రంగు వరకు షెడ్డులో 400 టన్నులు ఉన్నాయి. 400ను 20తో భాగిస్తే 20. అనగా, పని నిలకడగా సాగినా, నేడు కోసిన ప్లేటు బయటికి పోవడానికి సగటున 20 రోజులు పడుతుంది. ఈ సూత్రాన్ని 1961లో జాన్ లిటిల్ గణితరీత్యా నిరూపించారు. టన్ను 60,000 రూపాయల చొప్పున చిక్కుకున్న పెట్టుబడి 2.40 కోట్లు. 12 శాతం వడ్డీ ఏడాదికి 28.80 లక్షలు. అదే నిల్వ 160 టన్నులకు తగ్గితే 8 రోజులు చాలు. వడ్డీలో మిగులు 17.28 లక్షలు.

నిల్వ పేరుకోవడానికి ముఖ్య కారణం, ఒకే సైజు ముక్కలన్నీ ఒకేసారి కోయడం. ప్లేటు వృథా తగ్గే మాట నిజమే. కాని వెల్డింగు అంత వేగంగా సాగదు. గుట్టలు పెరుగుతాయి, కావలసిన ముక్క అడుగున ఉంటుంది, దానికోసం క్రేను తిరుగుతూ ఉంటుంది.

టొయోటా కంపెనీలో తాయిచీ ఓనో రూపొందించిన పద్ధతికి 1988లో ‘లీన్’ అన్న పేరు వచ్చింది. తర్వాతి అంచె అడిగినంతే ముందు అంచె చేయాలన్నది దాని సారం. కట్టడాలలో చివరి అంచె సైటు. సైటు నుంచి వచ్చే కబురును బట్టి షాపు తన వరుసను మార్చుకుంటే నిల్వ తగ్గి పని త్వరగా ముగుస్తుందని 1998లో ఐరిస్ టొమ్మెలిన్ పైపుల పనిపై కంప్యూటర్ నమూనాతో చూపారు.

ఆచరణలో మూడు నియమాలు:

1. సైటులో నిలబెట్టే వరుసలో, లారీ లోడు చొప్పున కోయాలి.

2. కోతకు, ఫిట్టింగుకు మధ్య గీత గీసిన స్థలం ఉంచాలి. అది నిండితే కోత ఆపి, పనివారిని ఫిట్టింగుకు పంపాలి.

3. డ్రాయింగుకు తుది ఆమోదం రానిదే కోయరాదు.

చిన్న లోడులుగా కోస్తే తుక్కు కొంత పెరగవచ్చు. ఆ నష్టాన్ని, తగ్గే వడ్డీని పక్కపక్కన వేసి చూసుకోవాలి. ధర పెరుగుతుందని ముడి ప్లేట్లు కొని ఉంచడం వేరు. అది వర్తకుని లెక్క. కోసిన ప్లేటుకు మాత్రం ఆ లెక్క వర్తించదు.