వైపరు అద్దం నడుమ ఎందుకు ఆగుతుంది?

కర్నూలు, కడప సీమలో వాన తక్కువ. ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండే. అందుకే కారుకు ఉన్న వైపరును ఎవరూ పట్టించుకోరు. అక్టోబరు, నవంబరు నెలల్లో తుపాను వాన దిగినప్పుడే దాని పని గుర్తుకొస్తుంది. అప్పుడు అది మొరాయిస్తే ప్రాణాల మీదికి వస్తుంది.

కడప నుంచి రాయచోటికి పోయే దారిలో గువ్వలచెరువు ఘాట్ ఉంది. అక్కడ మలుపులు ఎక్కువ. లారీలు ఎదురొస్తుంటాయి. వానలో అట్లాంటి దారిన పోయేటప్పుడు డ్రైవరుకు ముందు దారి బాగా కనపడాలి. వైపరు సరిగ్గా డ్రైవరు కంటి ముందర అడ్డంగా నిలబడిపోతే ఎట్లా?

ఒక పల్లెలో పొదుపు సంఘం ఆడవాళ్లు పాత కారు ఒకటి కొన్నారనుకుందాం. సంఘంలోనే ఒకామె డ్రైవింగు నేర్చుకుంది. కారును బాడుగకు తిప్పుతోంది. ఒకరోజు వైపరు చెడింది. "మోటారే మార్చాలి, చాలా ఖర్చవుతుంది" అని ఎవరో చెప్పారు. ఆమె తెలిసిన మేస్త్రి దగ్గరికి పోయింది.

"అన్నా, స్విచ్ ఆపితే వైపరు కిందికి పోవడం లేదు. అద్దం నడుమ నిలబడిపోతా ఉంది. మోటారు మార్చాలంట కదా?"

"ఉండక్కా, తొందరపడొద్దు. జబ్బు తెలియకుండా మందు వేస్తామా? ముందు అది ఎట్లా ఆగుతుందో తెలుసుకో" అన్నాడు మేస్త్రి.

వైపరు ఎట్లా ఆగుతుంది?

వైపరును ఒక చిన్న కరెంటు మోటారు ఆడిస్తుంది. మోటారు లోపల పళ్ల చక్రం ఉంటుంది. ఆ చక్రంతో పాటు ఒక రాగి బిళ్ల తిరుగుతుంది. మనం స్విచ్ ఆపినా మోటారు వెంటనే ఆగదు. ఇంకో వైరులో నుంచి దానికి కరెంటు వస్తూనే ఉంటుంది. బ్లేడు కింది అంచుకు చేరగానే బిళ్లలోని ఖాళీ జాగా వస్తుంది. అక్కడ కరెంటు తెగిపోతుంది. మోటారు ఆగుతుంది.

కాడి విప్పినా ఎద్దులు కొట్టం చేరేదాకా నడుస్తాయి కదా! వైపరు కూడా అంతే. తన చోటు చేరినాకే ఆగుతుంది.

జబ్బును ఎట్లా గుర్తు పట్టాలి?

వైపరు ఆడుతుండగానే కారు తాళం తీసేస్తే అది నడుమే ఆగుతుంది. ఇది జబ్బు కాదు. ముందు వైపరు స్విచ్ ఆపాలి. బ్లేడు కిందికి చేరినాక తాళం తీయాలి.

స్విచ్ ఎప్పుడు ఆపితే అప్పుడే, ఎక్కడుంటే అక్కడే ఆగితే, రెండో వైరులో కరెంటు రావడం లేదు. వైరు తెగి ఉండవచ్చు. బిళ్లకు చిలుము పట్టి ఉండవచ్చు. ఇది మెకానిక్ చూడాల్సిన పని.

స్విచ్ ఆపినా ఆడుతూనే ఉంటే, బిళ్ల గానీ, స్విచ్ గానీ, రిలే గానీ చెడింది. ఇదీ మెకానిక్ పనే.

ప్రతిసారీ ఒకే తప్పు చోట ఆగితే, మోటారు మంచిదే. బ్లేడును పట్టుకునే కడ్డీ తన చోటు నుంచి జరిగింది. దాన్ని మనమే సరి చేసుకోవచ్చు.

"నీ కారుకు వచ్చింది ఇదేనక్కా. దుమ్ము తుడిచేటప్పుడు ఎవరో బ్లేడును చేత్తో గట్టిగా తిప్పినారు. నట్టు వదులై, కడ్డీ జారింది" అన్నాడు మేస్త్రి.

"అయితే మోటారు ఖర్చు లేనట్టేనా?"

"లేదు. స్పానరు పట్టుకో, చూపిస్తా."

సరి చేసే పద్ధతి

1. అద్దం మీద నీళ్లు పోయాలి. పొడి అద్దం మీద వైపరు ఆడిస్తే దుమ్ము గీతలు పడతాయి.

2. వైపరును ఒకసారి ఆడించి, స్విచ్‌తోనే ఆపాలి. మోటారు తన చోట ఆగుతుంది. అప్పుడు తాళం తీసేయాలి.

3. అద్దం మీద మందపాటి గుడ్డ మడిచి వేయాలి. కడ్డీ చేయి జారి పడినా అద్దం పగలదు.

4. కడ్డీ మొదట్లో ఉన్న మూత తీయాలి. స్పానరుతో నట్టు విప్పాలి. కడ్డీని అటూ ఇటూ కదిలిస్తూ పైకి లాగాలి. సుత్తితో కొట్టరాదు.

5. లోపలి పళ్లను పాత బ్రష్షుతో శుభ్రం చేయాలి. కడ్డీ పళ్లు అరిగిపోయి ఉంటే కొత్త కడ్డీ వేయాలి.

6. బ్లేడు అద్దం కింది అంచు దగ్గర ఉండేటట్టు కడ్డీని పెట్టాలి. నట్టు బిగించాలి.

7. మళ్లీ నీళ్లు పోసి ఆడించాలి. రెండు బ్లేడ్లు ఒకదానికొకటి తగలరాదు. మూడు సార్లు ఆపి చూడాలి. మూడు సార్లూ కిందే ఆగాలి.

జాగ్రత్త! వైపరు ఆడేటప్పుడు బోనెట్ కింది కడ్డీల్లో చేయి పెట్టరాదు. వేళ్లు నలుగుతాయి. వైర్లు ముట్టుకునే ముందు బ్యాటరీ మైనస్ వైరు తీయాలి.

మన సీమలో ఎండకు బ్లేడు రబ్బరు గట్టిపడి పగుళ్లిస్తుంది. బేతంచెర్ల లాంటి రాతి పనుల ఊళ్లలో రాతి దుమ్ము అద్దానికి అంటుకుంటుంది. కాబట్టి వానలు మొదలు కాకముందే బ్లేడును కడిగి చూసుకోవాలి. వైపరు ఉండి తీరాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలు కూడా చెబుతున్నాయి.

వైపరు వెనుక ఒక ఆడమనిషి

వైపరును ఆలోచించినవారిలో ఒక స్త్రీ పేరు ముందు చెప్పుకోవాలి. ఆమె పేరు మేరీ ఆండర్సన్. అమెరికాలోని అలబామా ఆమెది. ఒక చలికాలం ఆమె న్యూయార్క్ పోయింది. మంచు పడుతోంది. ట్రాము డ్రైవరు దారి కనపడక అద్దం తెరిచి, చలికి వణుకుతూ బండి నడుపుతున్నాడు. అది చూసి, లోపల కూర్చునే అద్దం తుడిచే సాధనాన్ని ఆమె ఆలోచించింది. బయట రబ్బరు బ్లేడు, లోపల చేత్తో తిప్పే పిడి. 1903 నవంబరు 10న దానికి పేటెంటు వచ్చింది. అయితే దాన్ని కొనడానికి కంపెనీ ముందుకు రాలేదు. దానితో లాభం లేదన్నారు. ఈనాడు వైపరు లేని కారు లేదు. 1917లో షార్లెట్ బ్రిడ్జ్‌వుడ్ అనే మరో స్త్రీ కరెంటుతో నడిచే వైపరుకు పేటెంటు పొందింది.

యంత్రం మగవాళ్లదే అనుకోవడం తప్పు. దాని గుట్టు తెలుసుకున్న వాళ్లదే యంత్రం.

ఆలోచించండి, చెప్పండి

1. స్విచ్ ఆపినా వైపరు వెంటనే ఎందుకు ఆగదు?
2. ఏ జబ్బును మనమే సరి చేసుకోవచ్చు? ఏది మెకానిక్‌కు చూపాలి?
3. పొడి అద్దం మీద వైపరు ఎందుకు ఆడించరాదు?
4. మీ ఊరి బండ్లలో ఏ వైపరు సరిగ్గా ఆగడం లేదు? చూసి, రాయండి.