రాయబారుల సేవ – రాజ్యము చేయు గౌరవము

సన్మానసభలు జరుగునపుడు మన గ్రామములలో ఆహ్వానపత్రికలు అచ్చువేయించుట వాడుక. పద్మ పురస్కారము పొందిన పెద్దలెవరైన సభకు వచ్చుచున్నచో, వారి పేరునకు ముందు ‘పద్మశ్రీ’ అనియో ‘పద్మభూషణ్’ అనియో చేర్చుట తరచుగా కనబడుచుండును. ఇది గౌరవముతో చేయు పనియే. కాని న్యాయస్థానము దీనిని అంగీకరింపలేదు. 1995 డిసెంబరు 15వ తేదీన బాలాజీ రాఘవన్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పుచు, భారతరత్న, పద్మ పురస్కారములు బిరుదులు కావనియు, వానిని పొందినవారు తమ పేరునకు ముందుగాని వెనుకగాని తగిలించుకొనరాదనియు, అట్లు చేసినచో పురస్కారమును కోల్పోవలసి వచ్చుననియు స్పష్టము చేసెను.

బిరుదునకును పురస్కారమునకును గల ఈ భేదము చిన్నదిగా తోచవచ్చును. దేశమునకు ప్రతినిధులై పరదేశములకు వెళ్లు ఉద్యోగుల విషయమున ఇది మిక్కిలి ముఖ్యమైనది. దీనిని చక్కగా గ్రహించుటకు మన ఉత్తరాంధ్ర ప్రాంతపు చరిత్రయే చాలినంత సామగ్రి నిచ్చుచున్నది.

ఆంగ్లేయుల కాలమున బిరుదులు మన ప్రాంతమునకు క్రొత్తవి కావు. శ్రీముఖలింగము సమీపమున పర్వతాలపేటలో జన్మించి, సవర భాషకు అపారమైన సేవ చేసిన గిడుగు రామమూర్తి పంతులుగారికి 1913లో ప్రభుత్వము ‘రావు సాహెబు’ బిరుదు నొసగెను. తరువాత కైజర్-ఇ-హింద్ పతకమును ఇచ్చెను. రావు సాహెబు అనునది పేరులో కలసిపోయెడి బిరుదు. పతకము పెట్టెలో దాచుకొనెడి వస్తువు. భేదము ఇక్కడనే ఉన్నది. బిరుదు మనుష్యుని పేరును మార్చును. పిలుచువారు దానితో కలిపియే పిలువవలయును. దానిని ఇచ్చిన ప్రభువునకు పొందినవాడు జీవితాంతము ఋణపడి యున్నట్లు లోకము భావించును.

విజయనగర రాజకుటుంబమునకు చెందిన విజయ ఆనంద గజపతిరాజుగారి జీవితమున ఈ రెండును ఒక్కచోటనే కనబడుచున్నవి. 1936లో భారత క్రికెట్టు జట్టునకు నాయకుడై ఇంగ్లండునకు వెళ్లినపుడు వారికి ‘సర్’ బిరుదు లభించెను. 1947లో, స్వాతంత్ర్యము వచ్చుచున్న వేళ, వారు దానిని విసర్జించిరి. 1958లో స్వతంత్ర భారత ప్రభుత్వము వారికి పద్మభూషణ్ ప్రదానము చేసెను. పరప్రభువు ఇచ్చిన బిరుదును వదలుకొనిన వ్యక్తియే స్వదేశ ప్రభుత్వ పురస్కారమును స్వీకరించుటలో వైరుధ్యమేమియు లేదు.

1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగములో 18వ అధికరణము ఈ విషయమును నిర్ణయించినది. సైనిక గౌరవములు, విద్యాసంబంధమైన పట్టములు తప్ప మరే బిరుదును రాజ్యము ఇయ్యరాదు. భారత పౌరుడెవ్వడును విదేశ రాజ్యమునుండి బిరుదు స్వీకరింపరాదు. అంతటితో ఆగక, ప్రభుత్వమునందు జీతముగల ఉద్యోగమునుగాని నమ్మకపు పదవినిగాని నిర్వహించువారు, రాష్ట్రపతి అనుమతి లేక విదేశ రాజ్యమునుండి ఎట్టి కానుకయు, ప్రతిఫలమును, పదవియు పొందరాదని ఈ అధికరణము శాసించుచున్నది.

ఈ చివరి మాట రాయబారులకు నేరుగా తగులును. జిల్లాలో పనిచేయు ఉద్యోగికి విదేశ ప్రభువుతో పని యుండదు. రాయబారికి నిత్యమును ఆ పనియే. వారి విందులకు వెళ్లవలయును. వారి పండుగలలో కూర్చుండవలయును. వారితో స్నేహముగా నుండియే మన దేశపు పక్షమున గట్టిగా మాటలాడవలయును. అట్టివానికి ఆ ప్రభువు ఒక పతకమో, వజ్రపుటుంగరమో ఇచ్చెనేని, మరునాడు అతడు వ్రాయు నివేదికను ఢిల్లీలో ఎవరు నమ్ముదురు? అందుచేత విదేశీయులు మర్యాదకై ఇచ్చిన కానుకలను నియమానుసారము విదేశాంగ శాఖవారి తోషఖానాకు అప్పగించు ఏర్పాటు కలదు. జమీందారీ కోటల ప్రక్కన పెరిగిన మన పెద్దలకు తోషఖానా అను మాట పరిచితమే. ఆనాడు అది ప్రభువు సొత్తును దాచు గది. నేడు ప్రజల సొత్తును దాచు కార్యాలయము.

ఇక రాయబారిగా పనిచేసి అత్యున్నత గౌరవమును పొందినవారిలో మన ప్రాంతముతో మిక్కిలి సంబంధము గలవారు వరాహగిరి వేంకటగిరిగారు. వీరు 1894 ఆగస్టు 10న బరంపురమున తెలుగు కుటుంబములో జన్మించిరి. ఐర్లండులో న్యాయశాస్త్రము చదువుచు, అచటి స్వాతంత్ర్యోద్యమమునకు సన్నిహితులగుటచే 1916లో ఆ దేశమును విడువవలసి వచ్చెను. తరువాత బెంగాల్ నాగపూరు రైల్వే కార్మికుల సంఘమును నడపిరి. పలాస, విజయనగరముల మీదుగా వాల్తేరు చేరు రైలుమార్గము ఆనాడు ఆ రైల్వే కంపెనీదే.

1937లో మద్రాసు శాసనసభకు జరిగిన ఎన్నికలలో బొబ్బిలి స్థానమునుండి గిరిగారు కాంగ్రెసు అభ్యర్థిగా నిలిచిరి. ప్రత్యర్థి సాక్షాత్తు బొబ్బిలి రాజా రామకృష్ణ రంగారావుగారు. జస్టిసు పార్టీ నాయకులు, మద్రాసు రాజధానికి ప్రధానమంత్రిగా పనిచేసినవారు, ‘సర్’ బిరుదాంకితులు. స్వంత సంస్థానములో, స్వంత ప్రజల నడుమ రాజాగారు ఓడిపోయిరి. బిరుదు లేని కార్మిక నాయకుని ఓటర్లు ఎన్నుకొనిరి. ఆనాటి ఓటుహక్కు అందరకును లేదు. ఆస్తియో చదువో ఉన్నవారికే కలదు. ఆ సంగతి తలచినచో ఈ ఫలితము మరింత ఆశ్చర్యము గొల్పును.

స్వాతంత్ర్యము వచ్చిన 1947లోనే గిరిగారు సింహళమునకు, అనగా నేటి శ్రీలంకకు, స్వతంత్ర భారతదేశపు ప్రథమ హైకమిషనరుగా నియమింపబడిరి. కామన్వెల్తు దేశములలో మన రాయబారికి ఈ పేరు. 1951 వరకు వారు కొలంబోలో నుండిరి. ఆ దేశపు తేయాకు, రబ్బరు తోటలలో భారతదేశమునుండి వెళ్లిన కూలీలు లక్షల సంఖ్యలో నుండిరి. వారిలో అత్యధికులు తమిళులు. కూలీల కష్టసుఖము లెరిగిన నాయకుని అచటికి పంపుట సముచితమే గాని, అప్పగించిన పని సామాన్యమైనది కాదు. 1948లో సింహళ ప్రభుత్వము చేసిన పౌరసత్వ చట్టముచే ఆ కూలీలలో అత్యధికులు ఏ దేశమునకును చెందనివారైరి. పిమ్మట వారి ఓటుహక్కును పోయెను.

గిరిగారి పదవీకాలములో ఈ సమస్య తీరలేదు. 1964 అక్టోబరులో లాల్ బహదూర్ శాస్త్రి, సిరిమావో బండారనాయకేల మధ్య ఒప్పందము కుదిరి, 5,25,000 మందిని భారతదేశము స్వీకరించుటకును, 3,00,000 మందికి సింహళము పౌరసత్వ మిచ్చుటకును నిర్ణయమాయెను. మిగిలిన 1,50,000 మంది విషయము 1974 వరకు తేలలేదు. రాయబారి పని తరచుగా ఇట్లే ఉండును. నాటినవాడు ఒకడు, నీరు పోసినవాడు మరియొకడు, ఫలము కోసినవాడు ఇంకొకడు. పతకము ఎవరి మెడలో వేయవలెనన్న ప్రశ్నకు సులభమైన సమాధానము లేకపోవుట ఇందుచేతనే.

సింహళమునుండి తిరిగివచ్చిన పిమ్మట, 1952లో జరిగిన మొదటి సార్వత్రిక ఎన్నికలలో శ్రీకాకుళము జిల్లాలోని పాతపట్నము స్థానమునుండి వారు లోక్‌సభకు ఎన్నికైరి. నెహ్రూగారి మంత్రివర్గములో కార్మికశాఖను వహించి, బ్యాంకు ఉద్యోగుల జీతముల తీర్పును ప్రభుత్వము మార్చినదను కారణమున 1954లో రాజీనామా చేసిరి. 1969 ఆగస్టు 24నుండి అయిదేండ్లు రాష్ట్రపతిగా నుండిరి. ఆ అయిదేండ్లును పద్మ పురస్కార పత్రములపై సంతకము చేసినది వారి హస్తమే. పదవి దిగిన మరుసటి ఏడు, 1975లో, వారికి భారతరత్న లభించెను. ఇది కేవలము కొలంబో సేవకని చెప్పరాదు. జీవితమంతటికిని కలిపి చేసిన గౌరవము.

ఇట్లే, వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు 1931నుండి 1936 వరకు ఉపాధ్యక్షులుగా నుండిన సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు 1949నుండి 1952 వరకు మాస్కోలో రాయబారిగా పనిచేసిరి. పురస్కారములు ఏర్పడిన 1954లోనే భారతరత్న పొందిన మొదటి ముగ్గురిలో వారొకరు. 1931లో ఆంగ్ల ప్రభుత్వ మిచ్చిన ‘సర్’ను స్వాతంత్ర్యానంతరము వారు వాడలేదు, ‘డాక్టర్’ అను విద్యాపట్టమును మాత్రము ఉంచుకొనిరి. రాజ్యాంగము అనుమతించినదియు అదియే.

అయితే గిరిగారును రాధాకృష్ణన్‌గారును ప్రజాజీవితమునుండి రాయబారులైనవారు. ఉద్యోగమే వృత్తిగా గలవారి సంగతి వేరు. 1954లో పద్మ పురస్కారమును స్థాపించినపుడు అది మూడు తరగతులుగా నుండెను. 1955 జనవరిలో ఆ తరగతులకు పద్మవిభూషణ్, పద్మభూషణ్, పద్మశ్రీ అను పేర్లు వచ్చెను. ప్రభుత్వోద్యోగుల సేవయు ఇందులో చేరునని ఆ నిబంధనలలోనే వ్రాయబడియున్నది. ఆ ప్రకారమే తూర్పు ఆఫ్రికాలో మన కమిషనరుగా నుండిన అప్పా పంత్‌గారికి 1954లో, మాస్కోలో రాయబారిగా నుండిన కె. పి. ఎస్. మీనన్‌గారికి 1958లో పురస్కారములు లభించెను. హైదరాబాదులో జన్మించి అనేక దేశములలో రాయబారిగా పనిచేసిన అలీ యావర్ జంగ్‌గారికి 1959లో పద్మభూషణ్, 1977లో పద్మవిభూషణ్ వచ్చెను.

కాలక్రమమున పద్ధతి మారినది. ఇప్పుడు వైద్యులు, శాస్త్రజ్ఞులు తప్ప, ఉద్యోగములో నున్న ప్రభుత్వ సేవకులు పద్మ పురస్కారములకు అర్హులు కారు. ప్రభుత్వరంగ సంస్థల ఉద్యోగులకును ఇదే నియమము. అందుచేత విదేశాంగ సేవలోని ఉద్యోగికి గౌరవము వచ్చినను విశ్రాంతి తరువాతనే వచ్చును. విదేశాంగ కార్యదర్శిగా 2018లో పదవీ విరమణ చేసిన ఎస్. జయశంకర్‌గారికి 2019లో పద్మశ్రీ ప్రదానము జరిగినది. ఈ నియమము మంచిదేయని ఈ వ్యాసకర్త అభిప్రాయము. పై అధికారిని మెప్పించి పతకము సంపాదింపవచ్చునను ఆశ ఉద్యోగికి కలుగకుండుటయే మేలు. కాని దీనివలన ఒక నష్టమును కలదు. పేరు తెలియని చిన్న ఉద్యోగుల సేవ మరుగున పడిపోవును.

ఇందుకు మన తీరమే ఉదాహరణము. 2018 నవంబరులో గుజరాత్ తీరమున వేరావల్‌నుండి చేపల వేటకు వెళ్లిన పడవలు అరేబియా సముద్రములో సరిహద్దు దాటినవని పాకిస్తాన్ అధికారులు పట్టుకొనిరి. వానిలో మన రాష్ట్రపు మత్స్యకారులు ఉండిరి; వారిలో అత్యధికులు శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల తీరగ్రామములవారు. బ్రతుకుతెరువునకై దేశపు ఆ చివరకు పోయినవారు కరాచీ చెరసాలలో పదమూడు నెలలకు పైగా గడపిరి. 2020 జనవరి 6న ఇరువదిమంది వాఘా సరిహద్దున మన దేశమున అడుగుపెట్టిరి. 2025లో వచ్చిన ‘తండేల్’ చలనచిత్రమునకు ఆధారము ఈ ఉదంతమే. పడవ నాయకుని తండేలు అందురు.

ఈ విడుదల వెనుక నడచిన పని ఎట్టిది? 2008 మే నెలలో రెండు దేశములును చేసికొనిన ఒప్పందము ప్రకారము, ప్రతి సంవత్సరము జనవరి 1న, జూలై 1న ఒకరి చెరలోనున్న మరియొకరి పౌరుల జాబితాలను ఇచ్చిపుచ్చుకొందురు. పట్టుబడినవారిని మూడు నెలలలోపల వారి దేశపు హైకమిషన్ ఉద్యోగులు కలిసికొనుటకు అవకాశ మియ్యవలయును. శిక్ష ముగిసి, ఏ దేశపు పౌరుడో ధ్రువమైన పిమ్మట ఒక నెలలో విడువవలయును. ఖైదీ చెప్పిన పేరు, తండ్రి పేరు, గ్రామము పేరు కాగితముపై ఎక్కి, ఢిల్లీ మీదుగా జిల్లాకు వచ్చి, విచారణ జరిగి, మరల అదే దారిని తిరిగిపోవలయును. గ్రామము పేరులో ఒక్క అక్షరము తప్పినచో నెలలు గడచిపోవును. వేటకు దూరప్రాంతములకు పోవువారు తమ గుర్తింపు పత్రముల ప్రతులను ఇంటివద్ద ఉంచిపోవుట ఎంత అవసరమో దీనినిబట్టి తెలియుచున్నది. ఇస్లామాబాదులో ఆ కాగితములు వ్రాసిన గుమాస్తాకు పతకము లేదు. ఇల్లు చేరిన మనుష్యుడే అతని పనికి సాక్ష్యము.

ప్రజలు చేయదగినది ఒకటి కలదు. విశ్రాంతి తీసికొనిన ప్రభుత్వ సేవకుని పేరును, అతడు రాయబార కార్యాలయములో పనిచేసినవాడైనను, మరే శాఖవాడైనను, ఏ పౌరుడైనను పద్మ పురస్కారమునకు ప్రతిపాదింపవచ్చును. కేంద్ర ప్రభుత్వపు రాష్ట్రీయ పురస్కార్ పోర్టల్‌లో, ఆ ఏటికి ప్రకటించిన గడువు లోపల, 800 మాటలకు మించకుండ ఆ వ్యక్తి చేసిన సేవను వ్రాయవలయును. పొగడ్తకన్న పనిని వ్రాయుట మంచిది: ఎచ్చట, ఏ సంవత్సరములో, ఎవరికి, ఏమి మేలు జరిగినది. మంత్రివర్గ కార్యదర్శి అధ్యక్షతన ఏటేట ఏర్పడు సంఘము వానిని పరిశీలించును. విదేశీయులు, ప్రవాసులు, మరణానంతరము పొందువారు కాక, ఒక సంవత్సరములో 120 మందికి మించి ఇయ్యరు. పొందినవారికి రాష్ట్రపతి సంతకముగల పత్రమును, పతకమును ఇత్తురు, ధనము ఉండదు. మరణించినవారికి సాధారణముగా ఇయ్యరు గనుక, ప్రతిపాదించువారు ఆ పెద్దలు జీవించియుండగనే వ్రాయవలయును.