ఏజెంట్ ఆధారిత నమూనాలు, కృత్రిమ దత్తాంశం: బాలీ నీటి సంఘాల ఉదాహరణ

నాట్ల తేదీలకు, నీటి పంపకానికి గల సంబంధాన్ని క్షేత్రస్థాయిలో ప్రయోగం ద్వారా పరీక్షించడం కష్టసాధ్యం. ఒక కాలువ కింది రైతులందరినీ ఈ ఏడాది వేర్వేరు తేదీల్లోను, మరుసటి ఏడాది ఒకే తేదీన నాట్లు వేయమని ఆదేశించే అధికారం ఏ పరిశోధకునికీ ఉండదు. ఉన్నప్పటికీ, పంట పోతే నష్టపోయేది రైతే. ఇటువంటి సందర్భంలో ఏజెంట్ ఆధారిత నమూనా ఉపకరిస్తుంది. ఇందులో ప్రతి రైతును లేదా రైతు సంఘాన్ని కంప్యూటరులో ఒక ఏజెంటుగా రూపొందించి, అది నిర్ణయాలు తీసుకొనే నియమాలను నిర్దేశించి, అనేక పంటకాలాల పాటు నడుపుతారు. దాని నుండి వెలువడే నాట్ల తేదీలు, దిగుబడులు, నీటి కొరత లెక్కలే కృత్రిమ దత్తాంశం.

ఇండోనేషియాలోని బాలీ ద్వీపంలో వరి రైతులు సుబాక్ అనే నీటి సంఘాలుగా ఏర్పడి, జల దేవాలయాల ఆధ్వర్యంలో నాట్ల వేళలను నిర్ణయించుకొంటారు. 1970లలో హరిత విప్లవ కార్యక్రమం కింద ఎవరికి వారు విరామం లేకుండా వరి వేయాలని ప్రోత్సహించగా, నీటి పంపకం అస్తవ్యస్తమై పురుగులు, తెగుళ్లు విజృంభించాయి. మానవశాస్త్రవేత్త స్టీఫెన్ లాన్సింగ్, జీవావరణ శాస్త్రవేత్త జేమ్స్ క్రెమర్ 1993లో ప్రచురించిన అధ్యయనంలో రెండు నదుల వెంబడి గల 172 సుబాక్‌లను ఏజెంట్లుగా తీసుకొన్నారు.

అక్కడి చిక్కు వరి రైతులకు తెలిసినదే. ఇరుగుపొరుగు పొలాలన్నీ ఒకేసారి కోసి ఖాళీగా ఉంచితే సుడిదోమ వంటి పురుగులకు ఆహారం దొరకదు. కాని నది పొడవునా అందరూ ఒకేసారి దమ్ము చేస్తే నీరు చాలదు. నమూనాలో ప్రతి సుబాక్ మొదట యాదృచ్ఛికంగా ఒక పంటక్రమాన్ని ఎన్నుకొంటుంది. ఏడాది చివర పొరుగు సుబాక్‌ల దిగుబడులను చూసి, తనకంటే మెరుగైనదాన్ని అనుకరిస్తుంది. కొన్నేళ్లు గడిచేసరికి ఒకే వేళకు నాట్లు వేసే సుబాక్‌ల సమూహాలు ఏర్పడి, సగటు దిగుబడి పెరిగింది. ఆ సమూహాల అమరిక వాస్తవ దేవాలయ వ్యవస్థను చాలావరకు పోలి ఉంది.

దేవాలయ వ్యవస్థను ఈ పరీక్షలో ముందుగా చొప్పించలేదు. ఆ పోలికకు విలువ వచ్చింది అందువల్లనే. సమన్వయాన్నే నియమంగా పెట్టి, చివరకు సమన్వయం కనిపించిందని చెప్పడం, తాను పోసిన గాదెనే కొలిచి పంట పండిందనడం వంటిది. విద్యార్థుల సిద్ధాంత వ్యాసాల్లో మరొక పొరపాటు కూడా సంభవించవచ్చు: నమూనాను వేయిసార్లు నడిపి, వచ్చిన వరుసలన్నింటినీ సర్వే దత్తాంశంగా భావించి సార్థకతా పరీక్షలు జరపడం. వరుసలు తగినన్ని పెరిగితే ఎంత స్వల్ప భేదమైనా సార్థకంగానే తేలుతుంది. రైతులను గురించిన సమాచారం మాత్రం ఒక్క గింజ కూడా పెరగదు.

బాలీ నియమాన్ని కృష్ణా, గోదావరి డెల్టాలకు యథాతథంగా వర్తింపజేయడం కూడా తగదు. ఇక్కడ కాలువలకు నీరు వదిలే తేదీని నిర్ణయించేది ప్రభుత్వ యంత్రాంగం. రైతు నిర్ణయం ఆ తేదీకి లోబడి ఉంటుంది. కౌలుదారు పొరుగువారి దిగుబడిని చూసి మారతాడా, భూయజమాని షరతును బట్టి మారతాడా అన్నది ముందుగా ఇంటింటి సర్వేలో తేల్చుకోవాలి. నియమాలను దాని ఆధారంగా వ్రాసి, కొన్ని గ్రామాల వాస్తవ లెక్కలను నమూనాకు చూపకుండా పక్కన ఉంచి, ఫలితాలను వాటితోనే సరిచూడాలి.