సంస్కృతి, సామాజికీకరణము, ఆధునికోత్తర సమాజము: శబ్దార్థ విచారము

సమాజశాస్త్రమును తెలుగున చదువు విద్యార్థికి ఎదురగు పరిభాషలో హెచ్చుపాలు సంస్కృత శబ్దములే. శబ్దము పరిచితమగుటచే అర్థమును తెలిసినదే యను భ్రాంతి కలుగుచున్నది. సంస్కృతి, సామాజికీకరణము, ఆధునికోత్తరము అను మూడు శబ్దముల విషయమున ఈ భ్రాంతి విశేషముగా కనిపించును. వీని వ్యుత్పత్తిని, శాస్త్రార్థమును పక్కపక్కన నుంచి, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణముల జీవనమును లక్ష్యముగా గొని పరిశీలించుట ఈ వ్యాసమున కుద్దేశ్యము. ఈ మూడును 2016 అక్టోబరు వరకు కరీంనగర్ జిల్లాలోనివి. నేడు మొదటి రెండును జగిత్యాల జిల్లాలోను, మూడవది రాజన్న సిరిసిల్ల జిల్లాలోను ఉన్నవి.

1. సంస్కృతి

సంస్కృతికి ఉదాహరణము చెప్పుమన్నచో ఈ ప్రాంతపు విద్యార్థి ధర్మపురి నరసింహస్వామి ఆలయమును, వేములవాడ చాళుక్యుల ఆస్థానమున వెలసిన పంపకవిని పేర్కొనును. తల్లి ఒడిలోని బీడీల చాటను, తండ్రి నడుపు మరమగ్గమును పేర్కొనడు. అవి బ్రతుకుతెరువులే కాని సంస్కృతి కావని అతని తలపు. ఈ తలపునకు మూలము మనము నేర్పు అర్థములోనే కలదు.

సమ్ అను ఉపసర్గకు పరమైన కృ ధాతువునకు సుడాగమమును విధించు పాణిని సూత్రములు రెండు అష్టాధ్యాయి ఆరవ అధ్యాయము మొదటి పాదమున 137, 138 సంఖ్యలతో ఉన్నవి. మొదటిది భూషణార్థమున, రెండవది సమవాయార్థమున ఆగమమును చెప్పును. భూషణమనగా అలంకరించుట, మెరుగుపెట్టుట. సమవాయమనగా కూడియుండుట. తరగతిలో మనము మొదటి అర్థమును మాత్రమే పట్టుకొని, సంస్కృతి యనగా నాగరికుల మెరుగు అని చెప్పుచున్నాము. రెండవ అర్థము వ్యాకరణ పాఠముననే నిలిచిపోవుచున్నది.

ఆంగ్ల మానవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ టైలర్ 1871లో ప్రకటించిన ‘ప్రిమిటివ్ కల్చర్’ గ్రంథమున ఇచ్చిన నిర్వచనము ఈ రెండవ అర్థమునకే చేరువైనది. విద్య, విశ్వాసము, కళ, నీతి, ఆచారము మొదలుగా మనుష్యుడు సమాజమున ఒకడగుటచే నార్జించినవన్నియు కూడిన సముదాయమే ఆయన దృష్టిలో సంస్కృతి. ఈ నిర్వచనముచే సంస్కృతి లేని జనసమూహమే లేదు. సిరిసిల్లలో మరమగ్గమును సాంచా అందురు. సాంచాను నడుపు కార్మికుడు, కండెలు చుట్టు స్త్రీ, కొలది సాంచాలు గల ఆసామి, నూలునిచ్చి గుడ్డను గొను సేటు, వీరి నడుమ వాడుకలోనున్న మాటలు, లెక్కలు, మర్యాదలు అన్నియు సంస్కృతియే. పద్మశాలీలకు మార్కండేయ, భావనాఋషుల కథలను చిత్రపటము చూపి చెప్పు కూనపులివారి విద్యయు సంస్కృతియే. ఇది అధికము, అది అల్పము అను విభాగము భూషణార్థము నుండి వచ్చినదే కాని సమాజశాస్త్రము నుండి వచ్చినది కాదు.

2. సామాజికీకరణము

ఈ శబ్దమున దీర్ఘ ఈకారము చ్వి ప్రత్యయ నిమిత్తమున వచ్చినది. అష్టాధ్యాయి అయిదవ అధ్యాయము నాలుగవ పాదమున 50వ సూత్రముచే విహితమైన ఈ ప్రత్యయమునకు, వార్త్తికకారుల వచనముచే, అభూతతద్భావము అర్థము. అనగా మునుపు అట్లు కానిది అట్లగుట. తెల్లనిది కాని వస్త్రమును తెల్లనిదిగా చేయుట శుక్లీకరణము. అట్లే మునుపు సామాజికుడు కాని శిశువును సామాజికునిగా చేయుట సామాజికీకరణము. శిశువు పుట్టుకతోనే కులముతో, వృత్తితో, మర్యాదతో వచ్చునను లోకవాదమును ఈ ఒక్క ప్రత్యయము నిరాకరించుచున్నది. చార్లెస్ కూలీ 1902లోను, జార్జి హెర్బర్ట్ మీడ్ ఉపన్యాసముల సంపుటి 1934లోను ప్రతిపాదించిన దానికి సారమిదియే: ‘నేను’ అను భావము సైతము ఇతరుల నడుమ ఏర్పడునదే.

కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతముల బాలికలు తల్లి ప్రక్కన కూర్చుండి తునికాకు కత్తిరించుట, తంబాకు నింపి చుట్టుట, దారము కట్టుట నేర్చుకొనిరి. చేతిపనితో పాటు, ఇల్లు వదలక సంపాదించుట స్త్రీ ధర్మమను భావమును నేర్చుకొనిరి. రెండవ పాఠమును ఎవరును నోట చెప్పలేదు. కుటుంబమున జరుగు ప్రాథమిక సామాజికీకరణమునకు ఇంతకంటె దగ్గరి ఉదాహరణము మన విద్యార్థులకు దొరకదు.

ఇచట ఒక జాగ్రత్త అవసరము. సామాజికీకరణమును సంస్కారమని అనువదించు అలవాటు కొందరికి గలదు. మీమాంసకుల మతమున సంస్కారము ద్రవ్యమును కార్యయోగ్యముగా చేయునది. లోకమున ఆ శబ్దము ఎల్లప్పుడును మంచినే సూచించును. సామాజికీకరణము అట్టిది కాదు. ‘నీ బాంచెను దొరా’ అని చేతులు కట్టుకొని నిలుచుటను తరతరముల పిల్లలకు నేర్పినదియు సామాజికీకరణమే. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో జరిగిన రైతుకూలీల జైత్రయాత్రను రాజకీయ చరిత్రకారులు పలువిధముల వ్యాఖ్యానింతురు. ఆ మరునెలలోనే సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలు కల్లోలిత ప్రాంతములుగా ప్రకటింపబడెను. సమాజశాస్త్ర దృష్టితో చూచినచో, వెట్టికి వంగుట నేర్చినవారు ఆ పాఠమును వదలి వేరొక పాఠమును నేర్చిన కాలమది. దీనినే పునఃసామాజికీకరణమందురు. వంగుటను సంస్కారమని పిలిచిన అధ్యాపకుడు తెలియకయే ఒక పక్షమున నిలిచినవాడగును. కావున ఈ రెండు శబ్దములను వేరుచేయుట పరిభాషా నియమము మాత్రమే కాదు, న్యాయము కూడ.

అయినను సంస్కార శబ్దమునకు తార్కికులు చెప్పిన విభాగము మన కుపయోగించును. అన్నంభట్టు తర్కసంగ్రహమున సంస్కారము వేగము, భావన, స్థితిస్థాపకము అని త్రివిధము. అనుభవము వలన పుట్టి స్మృతికి హేతువగునది భావన. మార్చబడిన వస్తువును తిరిగి పూర్వస్థితికి తెచ్చునది స్థితిస్థాపకము. ఈ ప్రాంతము నుండి 1970ల మొదలుకొని వేలాది పురుషులు గల్ఫ్ దేశములకు పోవుచున్నారు. ఏ దేశమునకు పోయినను ఊరివారికి అది ‘దుబాయి’. అచట ఒకే గదిలో నానా కులములవారితో, నానా దేశములవారితో కూడి వండుకొని తినినవాడు ఊరికి మరలిన పిదప పాత పంక్తిలోనే కూర్చుండుట కలదు. వంచి విడిచిన కొమ్మ యథాస్థానమునకు పోవుట స్థితిస్థాపక గుణము. పునఃసామాజికీకరణము ఏల కొందరియందు నిలువదో తెలుపుట కీ తార్కిక పదము చక్కగా తోడ్పడును.

3. ఆధునికోత్తర సమాజము

ఈ సమాసమునకు రెండు విగ్రహములు పొసగును. ఆధునికము కంటె ఉత్తరమైనది అని పంచమీ తత్పురుషము. ఆధునికము ఉత్తరముగా గలది అని బహువ్రీహి. మొదటిదాని ప్రకారము ఆధునికత గడచిపోయిన సమాజము, రెండవదాని ప్రకారము ఆధునికత ఇంకను రావలసిన సమాజము బోధపడును. పారిభాషికముగా గ్రాహ్యమైనది మొదటిదే. రెండవది వ్యాకరణ చమత్కారమని విడువదగినది. కాని సిరిసిల్లను చూచినపుడు విడువ బుద్ధి పుట్టదు.

ఫ్రెంచి తత్త్వవేత్త లియోతార్ 1979లో వెలువరించిన గ్రంథమున మహాకథనముల యెడ అవిశ్వాసమే ఆధునికోత్తర స్థితికి లక్షణమని ప్రతిపాదించెను. విజ్ఞానము, పరిశ్రమ, విప్లవము మానవుని తరింపజేయునను పెద్దకథలు మహాకథనములు. సిరిసిల్లలో యంత్రము వచ్చెను. చేమగ్గము వెనుకబడెను. కాని యంత్రము చెప్పిన అభ్యుదయ కథ నెరవేరలేదు. 1990ల చివరి యేండ్ల నుండి అప్పులపాలైన నేతకార్మికుల ఆత్మహత్యలు దేశమంతట తెలిసినవి. 2017లో బతుకమ్మ చీరలను రాష్ట్ర ప్రభుత్వము ఇచట నేయించుట ప్రారంభించెను. పండుగ కుటుంబాచారముగా నిలిచియే, వేలాది సాంచాలకు పని కల్పించు సర్కారు ఆర్డరుగా కూడ మారెను. కులపురాణము, యంత్రము, ప్రభుత్వపు కొనుగోలు, దుబాయి నుండి వచ్చు వీడియో కాల్ ఒకే ఇంట ఒకే దినమున ఉన్నవి.

కాబట్టి సంప్రదాయము, ఆధునికత, ఆధునికోత్తరత అను మూడును ఒకదాని పిదప ఒకటి వచ్చు మెట్లని బోధించుట ఈ ప్రాంతమునకు పొసగదు. పారిస్ విద్వాంసుని అవిశ్వాసము ఆలోచన నుండి పుట్టినది. సిరిసిల్ల నేతగాని అవిశ్వాసము ఆగిన సాంచా నుండి పుట్టినది. లక్షణము ఒకటిగా కనిపించినను హేతువు వేరు. హేతుభేదమును విచారింపక సిరిసిల్లను ఆధునికోత్తర సమాజమనుట లక్షణమును అతివ్యాప్తి దోషమునకు గురిచేయుటయే.

4. బోధనకు సూచనలు

సంస్కృతిని బోధించునపుడు సమవాయార్థమును ముందు చెప్పి, భూషణార్థమును దానిలో ఒక భాగముగా చూపవలెను. సామాజికీకరణమును సంస్కారముతో పర్యాయముగా వాడరాదు. ఆధునికోత్తరతను కాలవిభాగముగా గాక లక్షణముగా బోధించి, దాని హేతువును విద్యార్థులచేతనే తమ వాడలో వెదకింపవలెను. చాటను, సాంచాను, దుబాయి ఉత్తరమును ఉదాహరణములుగా వ్రాసిన విద్యార్థికి పూర్ణాంకములీయవలెను. పాణిని వ్యాకరణము అందుకు అడ్డుపడదు, పైగా రెండు సూత్రములతో దారి చూపుచున్నది.