36 ఏళ్లకు ఏ చదువు?

సమస్య

మాది జఫర్‌గఢ్. వయసు 36. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చేసి, వరంగల్ దగ్గర ఒక మిల్లులో మెయింటెనెన్స్ పనిలో ఉన్నాను. మోటారు కాలినా, ప్యానెల్ బోర్డు మొరాయించినా నన్నే పిలుస్తారు. సూపర్‌వైజర్ పోస్టు మాత్రం ప్రతిసారీ డిప్లొమా చదివిన కుర్రాళ్లకే పోతోంది. వాళ్లకు పని నేర్పేది మళ్లీ నేనే! ఓపెన్ డిగ్రీ చేద్దామంటే మా ఆవిడ సరేనంది. మా నాన్న ‘పిల్లలు చదివే వేళ నీకెందుకు చదువు’ అంటున్నాడు. ఈమధ్య ఒకాయన, డబ్బు కడితే క్లాసులకు పోకుండానే బీటెక్ పట్టా తెప్పిస్తానన్నాడు. ఏం చేయమంటారు?

– ఒక పాఠకుడు, జఫర్‌గఢ్, జనగామ జిల్లా

సలహా

ముందు ఆ బీటెక్ ఆశ వదిలేయండి. అఖిల భారత సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) అనుమతి లేకుండా కొన్ని డీమ్డ్ యూనివర్సిటీలు దూరవిద్యలో ఇచ్చిన ఇంజినీరింగ్ పట్టాలు చెల్లవని 2017 నవంబరులో సుప్రీంకోర్టే తేల్చింది. క్లాసులే లేని పట్టా సంగతి చెప్పాలా? పరిశీలనలో బయటపడితే ఉన్న ఉద్యోగమూ పోతుంది, కేసూ మెడకు చుట్టుకుంటుంది.

ఓపెన్ డిగ్రీ అలా కాదు. 1982లో మొదలైన మన అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం దేశంలోనే మొదటి ఓపెన్ యూనివర్సిటీ. ఇంటర్ ఉంటే పని మానకుండా చదువుకోవచ్చు. ‘ఏదైనా డిగ్రీ’ అడిగే ఉద్యోగాలకు అది పనికొస్తుంది. కానీ బీఏ చదివితే మీ మిల్లులో సూపర్‌వైజర్ కాలేరు. విద్యుత్ పంపిణీ సంస్థల్లోనూ అంతే: జూనియర్ లైన్‌మన్‌కు ఐటీఐ, సబ్ ఇంజినీరుకు డిప్లొమా, అసిస్టెంట్ ఇంజినీరుకు ఇంజినీరింగ్ డిగ్రీ.

అంటే మీకు ఇప్పుడు కావలసింది ఎలక్ట్రికల్ డిప్లొమా. ఐటీఐ చేసినవాళ్లు ఎల్‌పీసెట్ ప్రవేశ పరీక్ష రాసి పాలిటెక్నిక్ రెండో ఏడాదిలోనే చేరవచ్చు. అయితే అవి పగటి తరగతులు, జీతం వదులుకోవాలి. భార్యాపిల్లలు ఆధారపడ్డ ఇంట్లో అది చిన్న మాట కాదు. ఉద్యోగం చేసేవాళ్ల కోసం ప్రత్యేకంగా డిప్లొమా నడిపేందుకు ఏఐసీటీఈ కాలేజీలకు అనుమతిస్తోంది. మీకు అందే దూరంలో అలాంటిది ఉందేమో ముందు విచారించండి. విద్యుత్ లైసెన్సింగ్ బోర్డు ఇచ్చే సూపర్‌వైజర్ పర్మిట్‌కు మీ అర్హతా, అనుభవమూ సరిపోతాయేమో కూడా కనుక్కోండి. అది చేతికొస్తే మిల్లు బయటా దారి ఉంటుంది.

ఫీజు కట్టేముందు మీ మేనేజరును సూటిగా అడగండి: ‘డిప్లొమా తెస్తే పోస్టు ఇస్తారా?’ ఆయన నసిగితే ఆ చదువుతో వేరే చోట ప్రయత్నించండి. నాన్నగారి మాటకు జవాబు మీ పిల్లలే. మీరు పక్కన కూర్చుని చదువుతుంటే వాళ్లూ పుస్తకం తీస్తారు. ఓపెన్ డిగ్రీని తర్వాత చూసుకోవచ్చు, ముందు డిప్లొమా పట్టండి.